మూడు వైడ్లు, ఏడు పరుగులు

2024 జూన్ 6న, డాలస్ పక్కనే ఉన్న గ్రాండ్ ప్రెయిరీ మైదానంలో పాకిస్థాన్‌ను అమెరికా ఓడించింది. టీ20 ప్రపంచకప్‌లో అమెరికా ఆడటం అదే మొదటిసారి. పాకిస్థానేమో 2009 విజేత, 2022 రన్నరప్. పసికూన గెలిచేసరికి అందరూ అద్భుతం అన్నారు. కానీ స్కోరుకార్డు ఓపిగ్గా చూస్తే, ఆ గెలుపు ఎక్కడ పుట్టిందో స్పష్టంగా కనిపిస్తుంది.

మొదట పాకిస్థాన్ 7 వికెట్లకు 159 పరుగులు చేసింది. ఛేదనలో కెప్టెన్ మోనాంక్ పటేల్ అర్ధశతకం కొట్టాడు. చివరి ఓవర్లో 15 పరుగులు కావాలి. ఆఖరి బంతికి నితీశ్ కుమార్ ఫోరు కొట్టడంతో స్కోర్లు సమమయ్యాయి.

ఇక సూపర్ ఓవర్. చెరో ఆరు బంతులు, రెండు వికెట్లు పడితే ఆ జట్టు ఇన్నింగ్స్ ముగిసినట్టే. మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్ ఆడిన జట్టే ఇందులో ముందు ఆడాలి. అలా అమెరికా ముందు దిగింది. బౌలర్ మహ్మద్ ఆమిర్.

బంతి వైడ్ అయితే ఒక పరుగు వస్తుంది, ఆ బంతి మళ్లీ వేయాలి. ఇది అందరికీ తెలిసిందే. అయితే వైడ్ పడినా బంతి ఆటలోనే ఉంటుంది. బ్యాటర్లు పరుగెత్తితే అవీ కలుస్తాయి. ఆమిర్ మూడు వైడ్లు వేశాడు. ఆరన్ జోన్స్, హర్మీత్ సింగ్ బంతి కీపర్ వైపు వెళ్తున్నా ఆగకుండా పరుగెత్తారు. మూడు రావాల్సిన చోట ఏడు వచ్చాయి. బ్యాట్‌తో వచ్చినవి 11. మొత్తం 18.

పాకిస్థాన్ లక్ష్యం 19. సౌరభ్ నేత్రావల్కర్ మూడో బంతికి ఇఫ్తికార్‌ను అవుట్ చేశాడు. క్యాచ్ అవుటైతే కొత్తగా వచ్చిన బ్యాటరే స్ట్రైక్ తీసుకోవాలన్నది ఇప్పటి నిబంధన. అందుకే షాదాబ్ ఆడాడు. ధాటిగా కొట్టగల ఫఖర్ జమాన్ ఒక్క బంతీ ఆడకుండా అవతలి ఎండ్‌లోనే మిగిలిపోయాడు. చివరి బంతికి 7 కావాలి. సిక్సర్ కొట్టినా మ్యాచ్ మళ్లీ టై అవుతుందే తప్ప గెలుపు రాదు. వచ్చింది ఒక్క పరుగే. 13 దగ్గర ఆగిపోయారు.

ఇప్పుడు వైడ్ల మీద పరుగెత్తి తెచ్చిన ఆ నాలుగు పరుగులు తీసేసి చూడండి. లక్ష్యం 15. చివరి బంతికి కావాల్సింది మూడే. ఒక్క ఫోరు పడితే పాకిస్థాన్‌దే గెలుపు.

నేత్రావల్కర్ తప్పులు చేయలేదని కాదు. రెండు వైడ్లు వేశాడు, లెగ్ బైల రూపంలో నాలుగు పరుగులు ఇచ్చాడు. అయినా మ్యాచ్ చేజారలేదు. కారణం ఆ నాలుగు పరుగుల దన్ను. ఆ టోర్నీలో అమెరికా సూపర్ 8కు చేరింది, పాకిస్థాన్ గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. పెద్ద జట్టుతో సిక్సర్లలో పోటీపడలేని జట్టు కూడా పరుగెత్తడంలో పోటీపడగలదు. చిన్న జట్ల గెలుపును అదృష్టం ఖాతాలో వేసే ముందు, వాళ్లు వదులుకోని పరుగులు లెక్కపెట్టాలి.