మోటార్ హోమ్ గ్యాస్ అరకు అడుగున రంధ్రం ఎందుకు?

ఢిల్లీ ద్వారకలో బయలుదేరి జైపూర్ వెళ్లే మోటార్ హోమ్‌లో మంచం, నీళ్ల ట్యాంకు, గ్యాస్ పొయ్యి అన్నీ ఉంటాయి. సిలిండర్ పెట్టే అరకు అడుగున మాత్రం ఒక రంధ్రం! ఎందుకు? వంటగ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా కిందికి దిగుతుంది. ఆ రంధ్రమే దానికి బయటికి దారి. సామాను అడ్డం పెట్టి దాన్ని మూయనే కూడదు. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకండి. తలుపులు తెరిచి బయటికి వచ్చేయండి, పెద్దవాళ్లకు చెప్పండి.

ఢిల్లీ చలికి కిటికీలు బిగించి లోపల బొగ్గుల కుంపటి రాజేస్తే ఇంకా ప్రమాదం. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి.

ఇక బండి టైర్ల సంగతి. వాటిలో గాలిని బయలుదేరకముందే చూడాలి. పరుగెత్తి వేడెక్కిన టైరులో పీడనం పెరిగి, కొలత ఎక్కువ చూపిస్తుంది.