లెక్క కావాలి, జాబితా కాదు

పల్నాడు జిల్లా నకరికల్లు వంటి ఊళ్లలో ఎవరి కులమేదో అందరికీ తెలుసు. అలాంటప్పుడు దాచేదేముందని కొందరు అడుగుతారు. ఊరికి తెలియడం వేరు. కులం, ఆధార్, బ్యాంకు ఖాతా ఒకే పట్టికలో చేరి ముక్కూమొహం తెలియనివారికి అందడం వేరు.

2018 ఏప్రిల్‌లో సరిగ్గా అదే జరిగింది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు కులమత వివరాలతో సహా బయటపడ్డాయి. ఇల్లు అడిగిన పేదలే బట్టబయలయ్యారు.

2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మొబైల్ యాప్‌తో ఇంటింటా కులగణన చేపట్టింది. కులగణన అవసరమే, లెక్క లేనిదే వాటా అడగలేం. అయితే దేశ జనగణనలో వ్యక్తుల వివరాలకు 1948 నాటి చట్టం గోప్యత కల్పించింది. రాష్ట్ర సర్వేలకు ఆ చట్టం వర్తించదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లు కులాన్ని సున్నిత సమాచారంగా గుర్తించింది. 2023లో చట్టం వచ్చేసరికి ఆ వర్గీకరణే మాయమైంది. కులం వల్ల వెలివేతనూ దాడులనూ ఎదుర్కొనే దళితులకు ఇది చిన్న లోపం కాదు.

కులాల సంఖ్యలను ప్రజల ముందుంచాలి. వ్యక్తుల పేర్లను, ఆధార్, ఫోన్ నంబర్లను ఆ లెక్కల నుంచి వేరుచేసి భద్రపరచాలి. వాటిని ఎవరు చూశారో తెలుసుకునే హక్కు పౌరునికి ఉండాలి. సామాజిక న్యాయానికి కావలసింది సమూహాల లెక్క. మనుషుల జాబితా కాదు.