మీకు తెలుసా? ఆటస్థలం కింద బడి

• రెండో ప్రపంచ యుద్ధానికి ముందే లండన్ బడులకు బాంబు భయం తెలుసు. 1917 జూన్ 13న పట్టపగలు జర్మన్ విమానాలు నగరం మీదికి వచ్చాయి. పాప్లర్‌లోని అప్పర్ నార్త్ స్ట్రీట్ బడి పైకప్పును చీల్చుకుని పడిన బాంబు, రెండు అంతస్తులు దాటి, కింద పసిపిల్లల తరగతిలో పేలింది. 18 మంది పిల్లలు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఐదేళ్ల వయసువాళ్లే.

• 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటన్‌లో ప్రమాదం ఎక్కువున్న ఊళ్లలో బడులు మూసేశారు. మళ్లీ తెరవాలంటే ముందు పిల్లలు తలదాచుకునే చోటు ఉండాలి. అది అందరికీ చాలకపోతే కొందరిని ఉదయం, కొందరిని మధ్యాహ్నం రమ్మనేవారు.

• అలా తలదాచుకోవడానికి ఆటస్థలాల్లో తవ్విన కందకాలు తిన్నగా ఉండేవి కావు. ఒకచోట బాంబు పడినా పేలుడు ధాటి పొడుగునా దూసుకుపోకుండా కావాలనే మలుపులు పెట్టేవారు. పక్కలకూ పైనా కాంక్రీటు పలకలు, వాటి మీద తవ్విన మట్టే. వాకిలి కూరుకుపోతే పైకెక్కడానికి మరో చివర ఇనుప నిచ్చెన.

• లోపల గోడల వెంట బల్లలు, చెమ్మ, మసక వెలుతురు. రాయడం కుదరదు కాబట్టి నోటి చదువే సాగేది: ఎక్కాలు, స్పెల్లింగులు, కథలు. పాటలు మాత్రం కాలక్షేపానికే కాదు. పైన మోత వినిపించకుండా టీచర్లు పిల్లలచేత గొంతెత్తి పాడించేవారు. తామూ భయపడుతూనే పాడించిన ఆ టీచర్లను తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

• ప్రతి పిల్ల భుజానా అట్టపెట్టెలో గ్యాస్ మాస్క్ వేలాడేది. చిన్నపిల్లలు జడుసుకోకుండా వాళ్లకు ఎర్రటి రబ్బరుతో చేసి, దానికి మిక్కీ మౌస్ మాస్క్ అని పేరు పెట్టారు. ఆ యుద్ధంలో బ్రిటన్ మీద విషవాయువు ప్రయోగం జరగనే లేదు.

• సైరన్ ఎప్పుడు మోగింది, పిల్లలు ఎంతసేపు కింద ఉన్నారు అన్నది హెడ్‌మాస్టర్లు బడి దినచర్య పుస్తకంలో రాసేవారు. ఆనాటి బడి జీవితం మనకు తెలిసేది చాలావరకు ఆ పొడిపొడి మాటల వల్లే.

• బడి భవనమే రక్షణ కాదు. ఇళ్లు కూలిపోయిన కుటుంబాలు లండన్‌లోని సౌత్ హాల్స్‌విల్ బడిలో బస్సుల కోసం ఎదురుచూస్తుండగా, 1940 సెప్టెంబర్ 10 తెల్లవారుజామున దాని మీద బాంబు పడింది. అధికారిక లెక్క 77 మంది. అంతకన్నా చాలా ఎక్కువమందే పోయారని స్థానికులు ఇప్పటికీ అంటారు.

• సైరన్ మోగితేనే షెల్టర్. 1943 జనవరి 20న క్యాట్‌ఫర్డ్‌లోని శాండ్‌హర్స్ట్ రోడ్ బడిలో పిల్లలు మధ్యాహ్న భోజనానికి కూర్చున్నారు. జర్మన్ విమానం బాగా కిందికి వచ్చి బాంబు వేసింది. హెచ్చరిక సమయానికి అందలేదు. 38 మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ పిల్లల్లో 31 మందిని హిదర్ గ్రీన్ శ్మశానంలో ఒకేచోట ఖననం చేశారు.