మీకు తెలుసా? రెండడుగుల టైల్ రెండడుగులుండదు!

హయత్‌నగర్‌లో కట్టుకుంటున్న ఇంటికి టైల్స్ కొనబోతున్నారా? ‘టూ బై టూ’ అని అమ్మే టైల్ అసలు కొలత 600 మిల్లీమీటర్లు. రెండడుగులంటే దాదాపు 610. కాబట్టి నాలుగు టైల్స్ పెట్టె పరుచుకునేది 16 కాదు, 15.5 చదరపు అడుగులే. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 16 లెక్కన 63 పెట్టెలు దింపించుకుంటే, కోతల్లో పోయే తరుగు మాట అటుంచి, రెండు పెట్టెలు తక్కువ పడతాయి. మళ్లీ వెళ్లి అదే డిజైన్ తెచ్చినా, బ్యాచ్ నంబరు మారితే రంగు తేడా కొట్టేస్తుంది.

పాత ఇళ్లలోని షాబాద్, తాండూరు బండల సంగతి వేరు. షాబాద్ కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది, తాండూరు మన వికారాబాద్ జిల్లాలోదే. రెండూ సున్నపురాళ్లే, అందుకే వాటికి ఆమ్లం పడదు. నిమ్మరసం ఒలికినా మచ్చే. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే బుసబుస పొంగి నునుపంతా పోతుంది. అయితే మెషీన్‌తో మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు. గ్లేజ్డ్ టైల్ పైపొర పోతే ఆ వీలుండదు.

టైల్స్ పరిచాక మూలల్లో నాణెంతో తట్టి చూడండి. డొల్లగా మోగితే కింద సిమెంటు సరిగా పట్టలేదన్నమాట. మేస్త్రీకి లెక్క తేల్చకముందే తట్టడం మేలు!