గీతపటములో తేదీల అమరిక



నేడు కార్యాలయములందును, పాఠశాలలందును వర్షము, జలాశయపు మట్టము, ధాన్యపు ధర మున్నగువానిని గడుల పట్టికలో వ్రాసి, దానినుండి గీతపటమును తీయుట వాడుకయైనది. ఆ పట్టికను స్ప్రెడ్‌షీట్ అనియు, పటమును చార్టు అనియు అందురు. పటములో గీత యెగబ్రాకుటను అందరు చూతురు. అడుగున తేదీలు సరిగా నున్నవా యని చూచువారు కొందరే. గీత చెప్పునది సత్యమగుటయు, అసత్యమగుటయు ఆ తేదీల అమరికపై నాధారపడి యున్నది.

మొదట యంత్రమునకు తేదీ యనగా నేమియో తెలియవలెను. పంచాంగము గణించు సిద్ధాంతులు కలియుగాది మొదలు గడచిన దినములను లెక్కించి, ఆ సంఖ్యను అహర్గణ మందురు గదా. ఎక్సెల్ అను ప్రోగ్రాము చేయునదియు నట్టిదే. 1900 జనవరి 1ని ఒకటిగా నెంచి దినములను లెక్కించును. దాని లెక్కలో 2022 జూలై 1 అనగా 44743. జూలై 13 అనగా 44755. రెంటికి భేదము 12 దినములు. గడిలో మనకు కనబడు దినము, నెల, సంవత్సరము ఆ సంఖ్యకు తొడిగిన వేషము మాత్రమే. వేషము మార్చినను సంఖ్య మారదు.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ఇప్పటి నిర్మల్ జిల్లాలో నున్న కడెం జలాశయమును తలపోయుడు. దాని పూర్తి మట్టము 700 అడుగులు. 2022 జూలై 13న గేట్లు విడువగలిగినదానికంటె అధికముగా వరద వచ్చి, కట్టకే భయము కలుగగా, దిగువ గ్రామముల జనులను తరలింపవలసి వచ్చెను. ఒక పట్టికలో జూన్ 1, జూలై 1, జూలై 10, జూలై 13 తేదీల మట్టములను వ్రాసితి మనుకొందము. వీని నడుమ నున్నవి వరుసగా 30, 9, 3 దినములు. యంత్రము వీనిని వట్టి మాటలుగా నెంచినచో నాలుగింటిని సమదూరమున నిలుపును. అప్పుడు మూడు దినముల పెరుగుదలయు, ముప్పది దినముల పెరుగుదలయు ఒకే వెడల్పున కనబడి, వరద వేగము మరుగుపడును. తేదీలుగా నెంచినచో దినమునకొక పాలు చొప్పున చోటిచ్చును; కొలది దినములలో పెరిగిన నీరు నిటారుగా లేచిన గీతయై కనబడును.

దీనికి ఉపాయము సులభము. పటము అడుగున తేదీలపై మౌస్ కుడిమీట నొక్కినచో ‘ఫార్మాట్ యాక్సిస్’ అను మాట కనబడును. దానిని తెరచి, ‘టెక్స్ట్ యాక్సిస్’ బదులు ‘డేట్ యాక్సిస్’ అనుదాని నెన్నుకొనవలెను. అచ్చటనే ‘మేజర్’ అను గడిలో ఎన్ని దినములకు, లేక ఎన్ని నెలలకు ఒక తేదీ కనబడవలెనో తెలుపవచ్చును. వానకాలపు నాలుగు నెలల పటమునకు 7 దినములు, పదేండ్ల పటమునకు 1 సంవత్సరము తగును. ప్రతిదినము చూపించినచో అక్షరములు ఒకదానిపై నొకటి పడి చదువరానివగును. ‘నంబర్’ అను భాగమున తేదీ వేషమును నిర్ణయింపవచ్చును. నెలను అంకెతో గాక పేరుతో చూపుట మేలు.

ఏలయన, మనము దినమును ముందు, నెలను పిమ్మట వ్రాయుదుము. అమెరికావారు నెలను ముందు వ్రాయుదురు. యంత్రము వారి పద్ధతిలో నున్నచో మన 10/7/2022 అక్టోబరు 7 యగును. 12/7/2022 డిసెంబరు 7 యగును. పదుమూడవ నెల లేదు గావున 13/7/2022 తేదీయే కాక వట్టి మాటగా మిగులును. మామూలుగా నిజమైన తేదీ గడిలో కుడివైపున నుండును. మాట ఎడమవైపునకు ఒదిగి యుండును. గుర్తుపట్టుటకు ఇది చాలును.

పాత హైదరాబాదు రాజ్యపు కాగితములలోని ఫసలీ సంవత్సరములను యంత్ర మెరుగదు. ఫసలీ 1357 అనగా 1947-48. అట్టివానిని ముందుగా మార్చి వ్రాయవలెను. 1900కు పూర్వపు తేదీలు ఎక్సెల్‌కు మాటలే గాని తేదీలు కావు.

కావున ఎవరైన పటము చూపి, నీరు పెరిగినదనియో, ధర పడినదనియో చెప్పినపుడు ముందు అడుగుగీతను చూడుడు. ఈ రెండు తేదీల నడుమ ఎన్ని దినములు, పటమున దూరము అందుకు తగియున్నదా యని అడుగుడు. పంచాంగము చూడ నేర్చిన మీకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.