అంబాసిడర్: విప్పగలిగిన కారు

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ నగరం పక్కనున్న కౌలీలో మోరిస్ కంపెనీ 1956లో ఒక కొత్త కారు తయారీ మొదలుపెట్టింది. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి. పుట్టినచోట ఆ కారు మూడేళ్లకే ఆగిపోయింది. అదే కారు పశ్చిమ బెంగాల్‌లో, హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపారాలో 1957-58లో అంబాసిడర్‌గా మళ్లీ పుట్టి, 2014 మే నెల దాకా తయారవుతూనే ఉంది. కలెక్టరు గారి జీపు పక్కన, రైల్వేస్టేషన్ టాక్సీల వరుసలో, పెళ్లికొడుకును ఊరేగించే పూలదండల కింద మన రెండు తరాలు ఆ కారునే చూశాయి. ఇప్పుడు ఏ షెడ్డులోనో, చింతచెట్టు కిందో ఆగిపోయిన అంబాసిడర్‌ను కొని మళ్లీ నడిపించాలని చాలామంది యువకులు ముచ్చటపడుతున్నారు. మొదటిసారి ఈ పనికి దిగేవాళ్లు రంగు గురించి ఆలోచించే ముందు ఈ యంత్రం ఎలా పుట్టిందో, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది ఆ కథలోంచే తేలుతుంది.

మారకపోవడమే వరం

హిందుస్థాన్ మోటార్స్‌ను బి.ఎం. బిర్లా 1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవులో స్థాపించారు. 1948లో కర్మాగారం ఉత్తరపారాకు మారింది. అంబాసిడర్ కంటే ముందు అక్కడ తయారైన ల్యాండ్‌మాస్టర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశానిదే. దిగుమతుల మీద ఆంక్షలు, లైసెన్సుల పాలన ఉన్న రోజులవి. పోటీ తక్కువ, కొనడానికి వరుసలో నిలబడ్డవాళ్లు ఎక్కువ. అందుకే 1960లలో మార్క్-2, 1975లో మార్క్-3, 1979లో మార్క్-4 వచ్చినా మారినవి ఎక్కువగా ముందరి జాలీ, దీపాలు, డ్యాష్‌బోర్డు లాంటివే. అస్థిపంజరం అలాగే ఉండిపోయింది. 1983 చివర మారుతి 800 వచ్చాక ఆ మార్పులేనితనమే అంబాసిడర్‌ను వెనక్కి నెట్టింది.

కొనడానికి ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆనాటివాళ్లకు అది కష్టమే. బాగుచేసుకునే ఈనాటివాళ్లకు మాత్రం అదే కలిసొచ్చింది. ఒక దశాబ్దపు కారులోని భాగాలు చాలావరకు మరో దశాబ్దపు కారుకు సరిపోతాయి. తలుపులు, గాజులు, స్టీరింగ్ భాగాలు పాత సామాన్ల దుకాణాల్లో ఇంకా దొరుకుతున్నాయి. వెతికినా దొరకనివి చిన్న చిన్న అలంకారాలు: తొలి కార్ల జాలీలు, క్రోమ్ పట్టీలు, బ్యాడ్జీలు, మీటర్లు. అందువల్ల ఇంజను బాగుండి సగం సామాను లేని కారు కంటే, ఇంజను ఆగిపోయినా సామానంతా ఉన్న కారే మంచి బేరం.

లోపల ఏముంది?

మొదట్లో వచ్చిన కొన్ని కార్లలో 1,476 సి.సి. సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. కొద్దికాలానికే దాని స్థానంలో 1,489 సి.సి. బి-సిరీస్ ఇంజను వచ్చి దశాబ్దాలపాటు నడిచింది. బ్రిటన్‌లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారును నడిపించింది కూడా ఈ ఇంజనే. ఆ కారు అభిమానుల కోసం గాస్కెట్లు, బేరింగుల వంటివి అక్కడ ఇప్పటికీ తయారవుతున్నాయి.

ఇందులో సిలిండర్లు నాలుగు. ఒక్కొక్కటి సుమారు 73 మి.మీ. వెడల్పు, పిస్టన్ ప్రయాణం 88.9 మి.మీ. ప్రయాణం వెడల్పు కంటే ఎక్కువ కాబట్టి తక్కువ వేగంలోనే లాగే బలం వస్తుంది. నిండా జనంతో, పైన సామానుతో మట్టిరోడ్డు ఎక్కిన టాక్సీకి కావలసింది ఆ గుణమే. దిమ్మ పోత ఇనుముది. క్యామ్ షాఫ్ట్ పక్కన ఉండి, పొడవాటి పుష్ రాడ్లతో పైనున్న వాల్వులను తెరిపిస్తుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. లోపం ఏదైనా కంటికి, చెవికి, కొలత పరికరానికి దొరికిపోతుంది.

ముందు చక్రాలకు స్ప్రింగుల బదులు కారు పొడవు దిశలో అమర్చిన ఉక్కు కడ్డీలున్నాయి. చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు ఆ కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలితిరిగి, దెబ్బను మింగి, మళ్లీ సరిపడుతుంది. వెనక చక్రాలకు మాత్రం కమాన్ పట్టీలే.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు. ఫ్లోరు, తలుపుల కింది పెట్టెల్లాంటి పట్టీలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే కట్టడం అది. భారమంతా ఆ రేకే మోస్తుంది. ఇంజను పాడైతే దించి మరొకటి ఎక్కించవచ్చు. ఫ్లోరు తుప్పు పట్టిందంటే మాత్రం కారు వెన్నెముకకే చెద పట్టినట్టు.

ముందు తుప్పు లెక్క తేల్చాలి

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. అది తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైన నిగనిగలాడే రంగు కింద కూడా ఉబ్బి, పొక్కి, పెచ్చులుగా లేస్తుంది. ఉప్పు తోడైతే తేమ విద్యుత్తును ఇంకా బాగా ప్రవహింపజేసి ఈ చర్యను వేగిరం చేస్తుంది. కాకినాడలోనో విశాఖలోనో సముద్రపు గాలికి బతికిన కారుకు, అనంతపురం ఎండలో నిలిచిన కారుకు తేడా అక్కడే. మొదటిదానికి రేకు పరీక్ష గట్టిగా చేయాలి. రెండోదానికి రేకు బాగున్నా, ఎండకు రబ్బర్లు, వైర్ల తొడుగులు బిరుసెక్కి పగిలి ఉంటాయి.

కొనేముందు జేబులో ఒక చిన్న అయస్కాంతం, చేతిలో టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవర్ ఉండాలి. లప్పం మందంగా పెట్టిన చోట అయస్కాంతం అంటుకోదు. చాపలు ఎత్తి ఫ్లోరు చూడాలి. తలుపుల కింది పట్టీలు, డిక్కీ అడుగు, కమాన్ పట్టీలు బిగించిన చోట్లు, ముందు కడ్డీలు ఆనుకున్న చోట్లు స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిచి చూడాలి. రేకు దిగబడితే అది టింకరింగ్ పని, అన్నిటికన్నా ఖరీదైన పని.

ఆ తర్వాత కాగితాలు. ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. పెట్రోలు ఖర్చుకు జడిసి డీజిల్ ఇంజను ఎక్కించిన అంబాసిడర్లు చాలా ఉన్నాయి. ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కిందో లేదో చూసుకోవాలి.

ఏళ్లుగా ఆగిన ఇంజనును లేపడం

కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది. దాన్ని ఆపుకోవాలి. నిలవున్న ఇంజనులో పిస్టన్ రింగులు గోడలకు అంటుకుని ఉండవచ్చు. బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, గోడ గీరుకుంటుంది. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో కాస్త ఇంజను ఆయిల్ పోసి నాననివ్వాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి చేత్తో మెల్లగా తిప్పాలి. హాయిగా తిరిగితే ఆయిల్ మార్చి, ట్యాంకులోని పాత పెట్రోలు తీసెయ్యాలి. పాతబడిన పెట్రోలు జిగురుగా మారి కార్బొరేటర్ సన్నని రంధ్రాలను మూసేస్తుంది.

ఇంజను విప్పాలా వద్దా అన్నది ఊహతో తేల్చకూడదు. కంప్రెషన్ గేజితో నాలుగు సిలిండర్ల పీడనం కొలవాలి. ఏదైనా తక్కువ చూపితే అందులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పీడనం పెరిగితే లోపం రింగులది, లేదా బోరుది. పెరగకపోతే వాల్వుల మీద అనుమానం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ తక్కువ చూపితే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇంత చవకైన పరీక్ష ఎంతో అనవసరపు ఖర్చును తప్పిస్తుంది.

హెడ్ దించవలసి వస్తే మరో పని కూడా చేయించుకోవాలి. పాత పెట్రోలులోని సీసం వాల్వు సీట్ల మీద పలుచని పొరగా ఏర్పడి వాటిని కాపాడేది. ఆరోగ్యానికి హాని కాబట్టి 2000లో మన దేశంలో సీసం తీసేశారు. అది అవసరమే. అయితే ఆ రక్షణ లేక పోత ఇనుప సీట్లు గట్టిగా నడిపితే అరిగిపోతాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేత్ పనివాళ్లు గట్టి ఉక్కు సీట్లు కూర్చగలరు. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్‌కు పాత రబ్బరు తట్టుకోలేదు, ఇథనాల్ తేమనూ పీల్చుకుంటుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయాలి.

ఇంకొక జాగ్రత్త స్పానర్లది. ఈ ఇంజను నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం అంటే 12.7 మి.మీ.; 13 మి.మీ. స్పానర్ పట్టినట్టే ఉంటుంది కానీ బిగువు మీద జారి నట్టు మూలలు కొరుకుతుంది. అంగుళాల స్పానర్ల సెట్టే ఈ పనిలో మొదటి పెట్టుబడి. విప్పే ముందు ఫోటో తీసుకోవాలి. విప్పినవి విడి సంచుల్లో పేరు రాసి దాచాలి.

కదిలే ముందు ఆగడం

ఇంజను మోగగానే రోడ్డెక్కకూడదు. పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే ద్రవ మార్గం ఉంటుంది. ఒక్క గొట్టం పగిలినా పెడల్ అడుగుకు పోతుంది, నాలుగు బ్రేకులూ పోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ సిలిండర్లను లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది, వేడెక్కితే ఆవిరై బ్రేకును మెత్తబరుస్తుంది. అందువల్ల మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు విప్పి చూసి, రబ్బర్లు, గొట్టాలు, ఆయిల్ అన్నీ కొత్తవి వేయాలి. తర్వాత వైరింగ్. ఇన్సులేషన్ రాలిపోయిన వైరుకు టేపు చుట్టడం కంటే మొత్తం మార్చడమే మేలు. పాత కార్లు కాలిపోవడానికి వైర్లు ఒక పెద్ద కారణం. అప్పుడు తుప్పు కోసి కొత్త రేకు వెల్డింగ్, ప్రైమర్, అన్నీ ముగిశాక రంగు. ముందే రంగు వేయిస్తే వెల్డింగ్ వేడికి అది మాడుతుంది, డబ్బు రెండుసార్లు పోతుంది.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో నిలిచిన వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అలాంటి బండిని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చిన బండికి ఈ హోదా రాదు. ఇంజను మార్చి, వెడల్పు చక్రాలు తగిలించే ముందు ఇది ఆలోచించాలి.

ఉత్తరపారాలో చివరి అంబాసిడర్లు 2014లో బయటికొచ్చాయి. వాటికి 50 ఏళ్లు నిండేది 2064లో. పాయింట్ల గ్యాపు సరిచేయడం, కార్బొరేటర్ ట్యూనింగ్, లప్పం లేకుండా రేకు సాపు చేయడం తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు వయసుమళ్లినవాళ్లు. కారును వాళ్ల దగ్గర వదిలి వెళ్లకండి. పక్కన నిలబడండి, చెయ్యి కలపండి, ప్రతి భాగం పేరూ పనీ అడిగి రాసుకోండి. విడిభాగాలు మళ్లీ పోత పోయించుకోవచ్చు. ఆ మేస్త్రీల చేతిపని మాత్రం వాళ్లున్నప్పుడే నేర్చుకోవాలి.