రాతి మీద అక్షరం, కాగితం మీద అక్షరం

మ్యూజియం అంటే ఏమిటి? పాతకాలపు వస్తువులను భద్రంగా దాచి, అందరికీ చూపించే చోటు. అది పెద్ద చదువులు చదివిన వాళ్లకే అనుకోకూడదు. టికెట్టు కొని ఎవరైనా లోపలికి వెళ్లవచ్చు.

పెదకాకాని వాళ్లకు దగ్గరలో అమరావతి మ్యూజియం ఉంది. గుంటూరు వెళ్లి, అక్కడ అమరావతి బస్సు ఎక్కాలి. శుక్రవారం సెలవు.

రెండు వేల ఏళ్ల కిందట అమరావతిలో పెద్ద బౌద్ధ స్తూపం ఉండేది. దాని రాళ్ల మీద తామరపూలు, ఏనుగులు, బుద్ధుడి కథలు చెక్కారు. ఆ రాళ్లు ఎవరిచ్చారు? ఒక్క రాజులే కాదు. వ్యాపారులు ఇచ్చారు. సన్యాసినులు, ఇల్లాళ్లు కూడా ఇచ్చారు. విధికుడు అనే ఆయన తోలుపని చేసేవాడు. తల్లితో, భార్యతో, బిడ్డలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన రాయి ఇచ్చాడు.

ఈ సంగతి ఎలా తెలిసింది? రాతి మీద రాసి ఉంది కాబట్టి తెలిసింది. అది ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. ఆ లిపే మారుతూ మారుతూ మన తెలుగు అక్షరాలయింది.

తర్వాత స్తూపం పాడుబడింది. కొన్ని రాళ్లను కాల్చి సున్నం చేశారు. కొన్ని చెన్నైకి, కొన్ని లండనుకు చేరాయి. మిగిలిన వాటిలో కొన్ని అమరావతిలోనే చూడవచ్చు.

 తాటాకు మీద గంటంతో రాసేవారు. ఇంకో పుస్తకం కావాలంటే మళ్లీ మొదటి నుంచి రాయాలి. అందుకే పుస్తకాలు కొద్దిమంది ఇళ్లలోనే ఉండేవి.

అచ్చు వచ్చాక ఈ తిప్పలు పోయాయి. సీసం కలిపిన లోహంతో ఒక్కో అక్షరాన్ని తిరగేసి పోతపోస్తారు. వాటిని వరసగా పేర్చి, సిరా పూసి, కాగితం పెట్టి నొక్కుతారు. ఒకసారి పేరిస్తే వందల కాగితాలు తీయవచ్చు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఎక్కువ. అందుకని అచ్చు అక్షరాలు కూడా ఎక్కువే కావాలి. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తోంది.

1746లో, జర్మనీలోని హాలే అనే ఊళ్లో, తెలుగు పుస్తకం అచ్చయింది. బెంజమిన్ షుల్జ్ అనే పాదిరి దాన్ని వేయించాడు. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో అచ్చుపని చరిత్ర కోసమే 1964లో ఒక మ్యూజియం తెరిచారు.

మ్యూజియానికి వెళితే బొమ్మలు చూసి వచ్చేయకూడదు. పక్కన బోర్డు ఉంటే కూడబలుక్కుని అయినా చదవాలి. అర్థం కాకపోతే అక్కడి వాళ్లను అడగాలి. అడగడం తప్పు కాదు. ఆనాటి ఆడవాళ్ల పేర్లను రాతి మీద ఎవరో చెక్కిపెట్టారు. ఈనాడు అక్షరం నేర్చిన ఆడవాళ్లు తమ పేరు తామే రాసుకుంటున్నారు.